బిషప్పుకీ ఓవర్సీరుకీ చుట్టరికం

హ్యూస్టన్ బాబాయి:

అందరికీ నమస్కారం. ఒక సందేహం. మావాణ్ణి బడికి దింపే దారిలో రెండు చర్చిల బోర్డుల మీద "ఎపిస్కోపల్" అని రాసుంటుంది. మొన్న ఊరి నుంచి వచ్చిన మా అమ్మ కారులోంచి కూడబలుక్కుని చదివి, "లోపల సీరియల్ ఎపిసోడ్లు వేస్తార్రా?" అంది. నవ్వాను గానీ, నాకు మాత్రం తెలుసా ఏంటి. ఇంటికొచ్చి చూస్తే బిషప్పుల అజమాయిషీలో నడిచే చర్చిని అలా అంటారని తేలింది. ఎపిస్కోపల్ ఎక్కడ, బిషప్ ఎక్కడ? నాకైతే పోలికే కనబడటం లేదు. ఇంకో సంగతి. అమ్మ చిన్నప్పుడు మిషన్ బళ్లో చదువుకుంది. వాళ్ల తెలుగు బైబిల్లో బిషప్ అన్న మాట తగల్లేదట, ఆ చోట "అధ్యక్షుడు" అని ఉంటుందట. అధ్యక్షుడంటే ప్రెసిడెంటు కదా? ఇదెలా కుదిరింది?

కాలవగట్టు:

బాబాయ్, సగం జవాబు మీ అమ్మగారి దగ్గరే ఉంది. మిగతా సగం మా తాతయ్య దగ్గరుంది.

మా తాతయ్య కృష్ణా కాలవల మీద ఓవర్సీరుగా చేశాడు. పొద్దున్నే చద్దన్నం తిని సైకిలెక్కితే మళ్లీ మధ్యాహ్నం దాటాకే ఇంటికి. గట్టు వెంట పోతూ తూము కనపడ్డ చోటల్లా దిగేవాడు. షట్టరు ఎంత లేచి ఉంది, గట్టుకి ఎండ్రకాయలు ఎక్కడ బొరియలు పెట్టాయి, రాత్రికి రాత్రి గండి కొట్టి చేలోకి నీళ్లు పెట్టుకున్న మహానుభావుడెవరు, అన్నీ చూపుతోనే తేల్చేవాడు. లస్కర్లు పారలు పట్టుకుని వెనక నడిచేవాళ్లు. ఆయన పార ముట్టుకోగా నేను చూళ్లేదు. ఓసారి సైకిలు ముందు కడ్డీ మీద కూచుని "నువ్వేం పని చేస్తావు తాతయ్యా?" అని అడిగాను. "చూస్తానురా" అన్నాడు. అంతే. పైన ఉండి చూడటం.

గ్రీకులో 'ఎపి' అంటే మీద. 'స్కొపొస్' అంటే చూసేవాడు. డాక్టరు మెడలో వేలాడే స్టెతస్కోపులోనూ, టెలిస్కోపులోనూ ఉన్న స్కోపు ఈ కుటుంబానిదే. రెండూ కలిస్తే ఎపిస్కొపొస్, పైనుండి చూసేవాడు. ఇంగ్లిషు ముక్కల్లో పెడితే అచ్చంగా ఓవర్సీరు! బిషప్ గారూ మా తాతయ్యా ఒకే హోదా అన్నమాట. బతికుంటే ఈ సంగతి ఊరంతా చెప్పుకునేవాడు.

ఇక రూపం. గ్రీకు మాటని లాటిన్ వాళ్లు ఎపిస్కొపుస్ అని తీసుకున్నారు. పలికేటప్పుడు ఊనిక 'పి' మీద పడుతుంది. దాని ముందున్న 'ఎ' మీద ఏ బరువూ లేదు గనక జనం నోట్లో నలిగి రాలిపోయింది. అచ్చుల మధ్య చిక్కుకున్న ప మెత్తబడి బ అయింది. మిగిలింది బిస్కొపు లాంటి మాట. ఇంగ్లండు చేరాక 'స్క్' కాస్తా 'ష్' అయింది. వాళ్ల చేపకీ ఓడకీ ఇదే జరిగింది, 'ఫిస్క్' ఫిష్ అయింది, 'స్కిప్' షిప్ అయింది. చివరి తోక కూడా ఊడిపోతే బిషప్. ముందరి అచ్చు ఊడటం మనం ఎరగనిదేం కాదు. తమిళులు ఉరల్ అన్నదాన్ని మనం రోలంటాం, వాళ్ల ఇరండు మనకి రెండు. కారణాలు వేరు, దారి వేరు. కానీ మాట గుమ్మంలో నిలబడ్డ బక్క అచ్చుకి ఎక్కడైనా పూచీ లేదు.

ఎపిస్కోపల్ ఇలా నలగలేదు. అది చదువుకున్నవాళ్లు తర్వాతెప్పుడో లాటిన్ పుస్తకాల్లోంచి తీసి పెట్టుకున్న మాట. మన లెక్కలో చెప్పాలంటే బిషప్ తద్భవం, ఎపిస్కోపల్ తత్సమం. ఆకసం, ఆకాశం లాగా.

ఒక్కో ఊళ్లో ఈ మాట ఒక్కో రకంగా అరిగింది. ఇటలీలో వేస్కొవో, స్పెయిన్‌లో ఒబిస్పో, జర్మనీలో బిషోఫ్, వేల్సులో ఎస్గోబ్, అరబ్బీలో ఉస్కుఫ్. ఫ్రెంచివాళ్లు ఎవెక్ అంటారు. దాని స్పెల్లింగూ ఇంగ్లిషు బిషప్ స్పెల్లింగూ పక్కపక్కన పెట్టి చూడండి, ఒక్కటంటే ఒక్క అక్షరం కలవదు. అయినా ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే. మీకు పోలిక కనబడలేదంటే ఆ తప్పు మీది కాదు.

నిఘంటువు పురుగు:

బాగుంది. కానీ ఇంగ్లిషు దాకా పోవడం దేనికి? పాదిరి, మేస్త్రీ, ఇస్త్రీ, బొత్తాం, పీపా, ఇవన్నీ మనకి పోర్చుగీసు వాళ్లే ఇచ్చారు. బిషప్ కూడా వాళ్ల 'బిస్పో' నుంచే వచ్చి ఉండొచ్చుగా? లిస్బన్‌లో దాన్ని 'బిష్పు' అనే పలుకుతారు.

కాలవగట్టు:

పురుగుగారూ, ఊహ బాగుంది గానీ మన మాటలో 'ష' తర్వాత ఇంకో అచ్చు ఉంది చూడండి, బి-ష-ప్. బిష్పు నుంచి వస్తే బిస్పు, బిస్పుగారు అయ్యేది. మన నోట ఉన్నది ఇంగ్లిషు దొరల దగ్గర పట్టుకున్నదే. పాదిరి మాత్రం మీరన్నట్టు పోర్చుగీసు సరుకే.

బాబాయి రెండో ప్రశ్నకి వస్తాను, అసలు రుచి అక్కడుంది. దానికి ముందు ఓ పిట్టకథ. ఈ మాట పుట్టింది గుళ్లో కాదు. హోమరు కావ్యంలో ట్రాయ్ ఊరి వీరుడు హెక్టరు చచ్చిపోయినప్పుడు అతని భార్య ఏడుస్తూ, ఈ ఊరి ఎపిస్కొపొస్ పోయాడు అంటుంది. ఊరిని కనిపెట్టుకుని ఉండేవాడు పోయాడని. ఇంకోచోట ఒడిస్యూస్‌ని ఎత్తిపొడుస్తూ ఒక కుర్రాడు, నువ్వు ఆటగాడివేంటి, ఓడలో సరుకు మీద కన్నేసి లాభాలు లెక్కపెట్టుకునే బేరగాడిలా ఉన్నావు అంటాడు. ఆ 'కన్నేసి ఉంచేవాడు' దగ్గరా ఇదే మాట.

క్రీ.పూ. 5వ శతాబ్దంలో ఏథెన్సు తన కింద ఉన్న పట్టణాలకి తనిఖీ అధికార్లని పంపేది, వాళ్ల ఉద్యోగం పేరు కూడా ఎపిస్కొపొస్సే. జనానికి వాళ్లంటే ఎంత ప్రేమో చూడాలంటే క్రీ.పూ. 414లో ఆడిన అరిస్టోఫనీస్ నాటకం 'పక్షులు' చూడాలి. పిట్టలన్నీ కలిసి ఆకాశంలో కొత్త ఊరు కట్టుకుంటాయి. ఇంకా గోడల తడి ఆరకముందే ఏథెన్సు నుంచి ఓ ఎపిస్కొపొస్ ఓట్ల కుండలు చంకన పెట్టుకుని దిగిపోతాడు. ఊరి పెద్ద వాణ్ణి నాలుగు తన్ని తరిమేస్తాడు. మా తాతయ్యకి కూడా గండ్లు కొట్టే ఊళ్లలో ఒకటి రెండు సార్లు ఇలాంటి మర్యాదే జరిగిందని మామ్మ చెప్పేది. ఆయన మటుకు ఎప్పుడూ ఒప్పుకోలేదు.

తొలి క్రైస్తవులు తమ సంఘాల్ని చూసుకునేవాళ్లకి పేరు కావలసి వచ్చినప్పుడు ఈ చలామణీలో ఉన్న మామూలు మాటనే తీసుకున్నారు. కిరీటాలూ ఉంగరాలూ లేవప్పటికి. పౌలు ఫిలిప్పీ ఊరివాళ్లకి రాసిన ఉత్తరం మొదట్లోనే "అధ్యక్షులకును పరిచారకులకును" అని బహువచనం ఉంటుంది. ఒక్క ఊళ్లో పలువురు బిషప్పులన్నమాట. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలో ఎఫెసు నుంచి వచ్చినవాళ్లని ముందు 'పెద్దలు' అని, పది వచనాలు దాటాక వాళ్లనే 'అధ్యక్షులు' అని పిలుస్తారు. ఆ పెద్ద అన్న గ్రీకు మాట ప్రెస్బుతెరొస్. అది అరిగి అరిగి ఇంగ్లిషులో ప్రీస్ట్ అయింది. ఊరికొక్కడే బిషప్, అతని కింద పెద్దలు, వాళ్ల కింద పరిచారకులు, ఈ మెట్ల వరస అంతియొకయ ఊరి బిషప్ ఇగ్నేషియస్ ఉత్తరాల నాటికి, అంటే 2వ శతాబ్దం మొదట్లో, స్పష్టంగా కనిపిస్తుంది.

ఇప్పుడు తెలుగు. తిమోతికి రాసిన మొదటి పత్రిక 3వ అధ్యాయం ఇలా మొదలవుతుంది: "ఎవడైనను అధ్యక్షపదవిని ఆశించినయెడల అట్టివాడు దొడ్డపనిని అపేక్షించుచున్నాడను మాట నమ్మదగినది." దొడ్డపని! ఆ ఒక్క మాటకి అనువాదకుడి చేతులు కళ్లకద్దుకోవాలి. ఆ కిందనే అధ్యక్షుడు తాగుబోతు కాకూడదనీ "కొట్టువాడు" కాకూడదనీ షరతులు. పేతురు పత్రికలో క్రీస్తుని "మీ ఆత్మల కాపరియు అధ్యక్షుడును" అన్నారు. అధ్యక్షుడన్న చోటల్లా గ్రీకులో ఉన్నది ఎపిస్కొపొస్సే.

ఇది ప్రెసిడెంటు కాదు బాబాయ్. అధ్యక్షుడిలో ఉన్నది అక్షం, అక్షి, అంటే కన్ను. అధి అంటే మీద. మీద కన్ను వేసి ఉంచేవాడు. ఎపి-స్కొపొస్, ఓవర్-సీర్, అధి-అక్ష. మూడు భాషలు, ఒకే తూనిక. బైబిల్ని తెలుగు చేసినవాళ్లు బిషప్ అని ఇంగ్లిషు మాట దించేసి చేతులు దులుపుకోవచ్చు. అలా చేయకుండా కన్నుకి కన్ను తూచి పెట్టారు.

పాతచీడీ:

ఈ గుంపులో ఇన్నాళ్లకి నా పాత చదువుకి పని తగిలింది. అమరకోశంలో అమరసింహుడు "అథాధ్యక్షాధికృతౌ సమౌ" అన్నాడు. అధ్యక్షుడన్నా అధికృతుడన్నా ఒకటే, పని అప్పజెప్పబడ్డవాడని. గీత 9వ అధ్యాయంలో "మయాధ్యక్షేణ ప్రకృతిః సూయతే సచరాచరమ్" అనేదీ ఇదే అర్థంలో. నేను చూస్తుండగా ప్రకృతి ఈ చరాచరాన్ని కంటోంది అంటున్నాడు, నేను అధ్యక్షత వహించగా అని కాదు. ఋగ్వేదంలో నాసదీయ సూక్తం చివర "యో అస్యాధ్యక్షః పరమే వ్యోమన్" అని వస్తుంది. పైన ఆకాశంలో ఉండి దీన్నంతా చూస్తున్నవాడెవడో, ఇదెలా పుట్టిందో వాడికి తెలిసే ఉంటుంది, ఏమో, వాడికీ తెలియదేమో! ఓవర్సీరుకే సంగతి తెలియకపోవచ్చునని అంత ధైర్యంగా అన్న ఋషి ఎవరో గానీ దణ్ణం.

కౌటిల్యుడైతే అర్థశాస్త్రంలో రెండో అధికరణానికి పేరే అధ్యక్షప్రచారం అని పెట్టాడు. సేద్యానికి సీతాధ్యక్షుడు, సుంకానికి శుల్కాధ్యక్షుడు, ఓడలకి నావధ్యక్షుడు, తూనికలకి పౌతవాధ్యక్షుడు, కల్లు సారాలకి సురాధ్యక్షుడు. ఇవాళ్టి ఎక్సైజువాళ్లకి ఈ బిరుదు ఇస్తే బాగుండు. వీళ్లలో నాకిష్టమైనవాడు సూత్రాధ్యక్షుడు, నూలు వడికించే అధికారి. ఇల్లు కదలని ఆడవాళ్లు కొందరు వడికిన నూలు పట్టుకుని తెల్లారగట్ల చీకట్లో శాలకి వస్తారు. అక్కడ దీపం నూలు పరీక్షించడానికి సరిపడా మాత్రమే ఉండాలట. అధికారి ఆ వెలుగులో ఆవిడ మొహం కేసి చూసినా, పని మాట కాక వేరే మాట మాట్లాడినా జరిమానా. చూడటమే ఉద్యోగమైనవాడికి చూసినందుకు జరిమానా! ఎంతవరకు చూడాలో కూడా రాసిపెట్టినవాడు కౌటిల్యుడు.

అన్నట్టు గ్రీకు ఎపి, మన అధి ఒకటే అనుకుంటాను. రెంటికీ మీద అనే కదా.

కాలవగట్టు:

మాస్టారూ, ఆ దీపం సంగతి నాకు తెలీదు, దణ్ణం మీకు. ఒక్క చిన్న సవరణ. ఎపికి సంస్కృతంలో తోబుట్టువు అధి కాదు, అపి. 'కూడా' అనే అపి. అర్థం చూసి చుట్టరికం కలిపితే ఇలాగే బోల్తా పడతాం, నేనూ మొదట అదే అనుకున్నాను. స్కొపొస్‌కీ అక్షికీ కూడా రక్తసంబంధం లేదు. అక్షి వైపు చుట్టాలు లాటిన్ ఓకులుస్, ఇంగ్లిషు ఐ. ఎపిస్కొపొస్, అధ్యక్షుడు వేరువేరు ఊళ్లలో పుట్టి ఒకే పోలికతో ఉన్న ఇద్దరు మనుషులు.

మరి స్కొపొస్‌కి మన ఇంట్లో అసలైన చుట్టం ఎవరంటారా? పశ్యతి. వెనకటి మూలధాతువు 'స్పెక్' అని పండితులు కట్టారు, చూడటం అని. లాటిన్ దాన్ని ఉన్నదున్నట్టు ఉంచుకుంది, ఇన్‌స్పెక్టరు అక్కణ్ణించే. గ్రీకు నాలుక ప-కలని తారుమారు చేసి 'స్కెప్', 'స్కొప్' అంది. పిల్లలు పలక అనబోయి కలప అన్నట్టు. సంస్కృతం పశ్యతిలో స జారవిడిచింది గానీ స్పష్టంలో దాచుకుంది. స్పశుడు అంటే వేగులవాడు, అందులోనూ ఉంది. ఇందాక నేను "స్పష్టంగా కనిపిస్తుంది" అని రాశాను చూశారా, ఆ స్పష్టానికీ బిషప్‌కీ ముత్తాత ఒకడే.

ఫిరంగిపురం పిల్ల:

నాదో మాట. మీరంతా బిషప్, అధ్యక్షుడు అంటున్నారు. మా కథోలికుల ఇళ్లలో ఈ రెండూ వినపడవు. మేం మేత్రాణులు అంటాం. ఆయన ఏలుబడి మేత్రాసనం. మా అమ్మమ్మ "మేత్రాణులొస్తున్నారు" అంటే ఊళ్లో గుడికి సున్నాలు వేయించడం, రోడ్డు మీద గుంటలు పూడ్చటం మొదలయ్యేది. చిన్నప్పుడు మా జ్ఞానోపదేశం మాస్టారు, మందకి మేత పెట్టేవారు గనక మేత్రాణులు అని చెప్పారు. చేతిలో కాపరి కర్ర కూడా ఉంటుంది కదా, నేను ఇప్పటిదాకా అదే నమ్ముతున్నాను. కాదంటారా?

నిఘంటువు పురుగు:

మిత్రుడు + ప్రాణం కూడా విన్నాను నేను. ప్రాణమిత్రులు, మేత్రాణులు.

కాలవగట్టు:

అమ్మాయ్, మేత కథ ఎంత బాగుందంటే కాదనడానికి నోరు రావట్లేదు. కానీ కాదు. (పురుగుగారూ, మీదైతే అసలే కాదు.)

గ్రీకులో మేతేర్ అంటే తల్లి, పొలిస్ అంటే పట్టణం. మేత్రొపొలిస్ అంటే తల్లిపట్టణం. అక్కడి బిషప్ చుట్టుపక్కల బిషప్పులకి పెద్ద, ఆయన్ని మెట్రోపాలిటన్ అన్నారు. సిరియాక్ భాషవాళ్లు ఆ పొడుగాటి మాటని కుదించి 'మిత్రాన్' చేశారు. కేరళ క్రైస్తవులకి సిరియాక్ పూజాభాష గనక మలయాళంలో బిషప్‌కి మెత్రాన్ అనే పేరు నిలిచింది. తమిళ కథోలికులు దానికి గౌరవం తగిలించి మేత్రాణియార్ అన్నారు. మనం మేత్రాణులు అన్నాం. దాని పక్కన సంస్కృతపు ఆసనం వేసి మేత్రాసనం అన్నాం. గ్రీకు తల్లి, సిరియాక్ కత్తెర, సంస్కృతం కుర్చీ. ఇంత దూరం నడిచిన మాట మా తెలుగులో ఇంకోటి చూపించండి.

ఇంకా ఉంది. మేతేర్ మన మాతృకి స్వయానా అక్క. పొలిస్ మన పురానికి చెల్లెలు. అంటే మేత్రాణులు అన్నప్పుడల్లా మీ అమ్మమ్మగారు తెలియకుండానే మాతృపురం అంటున్నారు. లండన్‌లో 1863లో మెట్రోపాలిటన్ రైల్వే అని నేల కింద రైలు వేశారు. పారిస్ వాళ్లు ఆ పేరు తీసుకుని పొట్టిగా మెట్రో అన్నారు. 2017లో అది మియాపూర్‌కి వచ్చింది. అమీర్‌పేటలో మనం ఎక్కే మెట్రోకీ మీ మేత్రాణులకీ ఇంటిపేరు ఒకటే.

ఫిరంగిపురం పిల్ల:

అయ్యో దేవుడా. ఇక మెట్రోలో నిలబడి వేళ్లాడుతున్నప్పుడల్లా అమ్మమ్మ గుర్తొస్తుంది. మరి మా 'విచారణ' సంగతి? పారిష్‌ని మేం విచారణ అంటాం, అక్కడి ఫాదర్‌గారు విచారణ గురువులు. మా హాస్టల్లో హిందూ స్నేహితురాలు "విచారణా? పోలీసు కేసా?" అని భయపడింది.

కాలవగట్టు:

హహ. ఆ విచారణ పాత తెలుగు విచారణ. బాగోగులు విచారించడం, మంచీచెడ్డా కనుక్కోవడం. "ఆయన విచారణలో పదెకరాలున్నాయి" అనేవాళ్లు వెనకటి తరం. పోలీసులూ కోర్టులూ వచ్చి ఆ మాటని బోనెక్కించాయి. మీ దగ్గర ఇంకా దాని పాత మర్యాద మిగిలి ఉంది, పోగొట్టుకోకండి.

మెదక్ టీచరమ్మ:

మాది మెదక్. మా దగ్గర డయోసిస్‌ను, అంటే బిషప్ ఏలుబడిని, అధ్యక్ష మండలం అంటరు, అందుకని ఆ మాట మాకు కొత్త గాదు. నాకు ఒకటి చెప్పుర్రి. బిషప్ అంటే చూసేటోడు అంటున్నరు. మరి చర్చిని కెథెడ్రల్ అని ఎందుకంటరు? మా పిల్లలు పెద్ద చర్చి కాబట్టి అంటరు అనుకుంటున్నరు. నేనూ గట్లనే చెప్పిన.

కాలవగట్టు:

టీచరమ్మా, పెద్దది కాబట్టి కాదండీ, కుర్చీ ఉంది కాబట్టి. గ్రీకులో కథెద్ర అంటే కుర్చీ. దాని లోపలున్న 'హెద్' మన సద్ ధాతువు, సదస్సులో, సభాసదుడిలో, ఉపనిషత్తులో ఉన్న కూర్చోవడం. ఇంగ్లిషు చెయిర్ కూడా ఆ కథెద్రే, ఫ్రాన్సు మీదుగా వచ్చేసరికి చిక్కిపోయింది. ఏ చర్చిలో బిషప్ పీఠం వేసి ఉంటుందో అది కెథెడ్రల్. ఎంత చిన్నదైనా సరే.

మీ మెదక్ చర్చే దీనికి మంచి ఉదాహరణ. పోస్నెట్ దొర కట్టించిన ఆ చర్చిని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. ఆయన వెస్లియన్ మెథడిస్టు శాఖ మిషనరీ, వాళ్లలో బిషప్పులే లేరు. అంత ఎత్తు గోపురం ఉన్నా అప్పటికి అది మాట ప్రకారం కెథెడ్రల్ కాదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం (సీఎస్‌ఐ) ఏర్పడి, మెదక్‌కి బిషప్ వచ్చి, కుర్చీ పడ్డాక కెథెడ్రల్ అయింది. రాయి ఒక్కటి కూడా కదలకుండా.

మీ ప్రశ్నలో నాకు ఎప్పటి నుంచో ఉన్న గుబులు ఒకటి తగిలింది. ఎపిస్కొపొస్ మాట కన్నుతో మొదలైంది. పోనుపోను కుర్చీ అయింది. అపొస్తలుల కార్యములు 1వ అధ్యాయంలో, క్రీస్తుని పట్టించిన యూదా చచ్చాక ఖాళీ అయిన స్థానం గురించి గ్రీకులో ఎపిస్కొపె అని ఉంటుంది, కనిపెట్టుకుని ఉండే పని అని. 1611 నాటి ఇంగ్లిషు బైబిలు దాన్ని ఏకంగా బిషప్ పదవి చేసేసింది, పాపం యూదా కూడా బిషప్పయ్యాడు. మన తెలుగువాళ్లు తేలిగ్గా "వాని యుద్యోగము వేరొకడు తీసికొనునుగాక" అన్నారు. నాకు ఇదే నచ్చింది. మా తాతయ్యదీ ఉద్యోగమే, యూదాదీ ఉద్యోగమే.

మన అధ్యక్షుడికీ ఇదే పట్టింది. సీతాధ్యక్షుడు పొలం గట్టున తిరిగాడు, సూత్రాధ్యక్షుడు దీపం పట్టుకుని నూలు చూశాడు. ఇవాళ అధ్యక్షుడంటే పార్టీ అధ్యక్షుడు, సభాధ్యక్షుడు. "అధ్యక్ష స్థానాన్ని అలంకరించవలసిందిగా కోరుతున్నాం" అంటారు. కుర్చీని అలంకరించడం! కన్ను ఎప్పుడు పోయిందో ఎవరికీ పట్టలేదు. బాబాయి ప్రెసిడెంటు కదా అని అడిగాడంటే అందుకే. ప్రెసిడెంటు అన్న లాటిన్ మాటకి అర్థం కూడా ముందు కూర్చునేవాడనే. ఇక పీఠాధిపతి అన్నామంటే కంటి ఊసే లేదు, అంతా పీఠమే.

నేను మటుకు తెలుగు బైబిల్ మాటే ఖరారైన అనువాదం అంటాను. ఆ మాట తప్పని ఇవాళ ఎవరికైనా అనిపిస్తే తప్పు వాళ్లది కాదు, మాట వాళ్ల కాళ్ల కింద నుంచి జరిగిపోయింది.

నిఘంటువు పురుగు:

కొంచెం ఆగండి. మీరు కన్ను మంచిది, కుర్చీ చెడ్డది అన్నట్టు మాట్లాడుతున్నారు. ఏథెన్సు ఎపిస్కొపొస్‌ని పిట్టల ఊళ్లో తన్ని తరిమారని మీరే రాశారు. పైనుంచి చూడటం అంత ముచ్చటైన పనేం కాదు. సీసీ కెమెరా కూడా అధ్యక్షుడే మరి, మీ లెక్కన.

కాలవగట్టు:

ఒప్పుకుంటున్నాను. ఇది కొట్టొచ్చిన మాట. గ్రీకులోనే ఆ రెండు చూపులూ ఉన్నాయి. హెక్టరుది కాపలా చూపు, ఏథెన్సువాడిది నిఘా చూపు. మాట ఒకటే, ఎవరి కేసి ఎందుకు చూస్తున్నావన్నదే తేడా. పేతురు పత్రికలో అధ్యక్షుడి పక్కన కాపరిని నిలబెట్టింది అందుకేనేమో.

ఒకటి మాత్రం చెప్పనివ్వండి. 1912లో డోర్నకల్‌కి అజరయ్య గారు బిషప్పయ్యారు. ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి) సంఘంలో తొలి భారతీయ బిషప్. తిరునల్వేలి వైపు తమిళుడు, తెలుగు నేర్చుకుని తెలుగు పల్లెల్లో ఎడ్లబండి మీద తిరిగారు. 1945 దాకా అదే పని. డోర్నకల్ కెథెడ్రల్ ప్రతిష్ఠ జరిగింది 1939లో. కుర్చీకి తగిన గుడి లేవడానికి ముందు ఇరవయ్యారేళ్ల పాటు ఆయన ఎక్కువగా చేసింది తిరిగి చూడటమే. బండి ఎక్కిన ఎపిస్కొపొస్.

మా తాతయ్య ఆఫీసులో కూడా ఒక కుర్చీ ఉండేదట, వెనకాల తువ్వాలు వేసి. ఆయన రిటైరయ్యే నాటికి ఆ తువ్వాలు మడత నలగలేదని లస్కర్లు చెప్పుకునేవాళ్లు.

పాతచీడీ:

తువ్వాలు కూడా పోర్చుగీసే.

హ్యూస్టన్ బాబాయి:

అందరికీ వందనాలు. మొత్తం అమ్మకి చదివి వినిపించాను, గంట పట్టింది. సూత్రాధ్యక్షుడి జరిమానా దగ్గర రెండోసారి చదవమంది. ఇవాళ పొద్దున్న మళ్లీ ఆ దారినే వెళ్తుంటే బోర్డు చూసి, "ఇది ఓవర్సీర్ల చర్చి కదరా" అని మావాడికి చెప్పింది. వాడికి ఓవర్సీరంటే ఏంటో తెలీదు. అది చెప్పడానికి కృష్ణా కాలవ దగ్గర మొదలెట్టాల్సొచ్చింది.

వాడు ఇంకో చిక్కు తెచ్చాడు. చెస్ క్లాసులో ఐమూలగా పోయే పావుని బిషప్ అంటున్నారట. మా నాన్న దాన్ని శకటు అనేవాడు. బండికీ బిషప్‌కీ...

కాలవగట్టు:

బాబాయ్, దానికి వేరే పోస్టు పెట్టండి. ఇది ఇప్పటికే గట్టు దాటి చేలో పడింది.